రిపోర్టు కింద పేరు

ఈ రోజు మహబూబాబాద్‌లో ఓ చిన్న దవాఖానలో కొత్త లాగిన్ పెట్టి వచ్చాను. అక్కడ ఓపీకి ఒక సాఫ్ట్‌వేర్, ల్యాబ్‌కు ఒకటి, మందుల షాపుకు ఇంకొకటి. పాస్‌వర్డులన్నీ కంప్యూటర్ పక్కన గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేవి. ఇకనుంచి ఎవరి లాగిన్ వాళ్లదే. పొద్దున ఒక్కసారి కొడితే మూడూ తెరుచుకుంటాయి. దీనికోసం సర్వర్‌తో మూడు వారాలు కుస్తీ పట్టాను.

మధ్యాహ్నం దాకా ఎవరూ పిలవలేదు. హమ్మయ్య అనుకుని టిఫిన్ డబ్బా తెరిచానో లేదో, ల్యాబ్‌లో పనిచేసే జమునక్క ఓ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చింది.

"తమ్మీ, జర గిది చూడు. కింద పేరు తప్పు పడ్డది."

డబ్బా మూత పెట్టేశాను. ఒకరి పేరు మరొకరికి పడుతోందంటే నా పనంతా మొదటికొచ్చినట్టే.

"ఎవరి పేరు పడ్డదక్కా?"

"నాదే."

"మరి పరీక్ష ఎవరు చేసిన్రు?"

"నేనే చేసిన. గని ఎప్పుడూ రమేశ్ సార్ పేరే గదా వచ్చేది!"

రమేశ్ సార్ ఇక్కడ మానేసి భూపాలపల్లి వెళ్లి ఆరేళ్లయిందట. గోడ మీద ఉన్న ల్యాబ్ పాస్‌వర్డు ఆయనదే. ఆరేళ్లుగా అక్క చేసిన ప్రతి పరీక్ష కిందా ఆయన పేరే.

"తప్పేం లేదక్కా, ఇగ నీ పేరే వస్తది" అన్నాను.

అక్క ఆ కాగితం మరోసారి చదువుకుంది.

"అయితే ఇంటిపేరు గూడ పెట్టు తమ్మీ."

జనగామ రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి ఆ ఇంటిపేరే చేరుస్తున్నాను. మీ పని కింద ఎవరి పేరు పడుతోందో ఎప్పుడైనా చూసుకున్నారా?