ఫెన్స్ మీద అన్నం ముద్ద

మా పక్కింటివాడికి దయ్యాల పిచ్చి. పిచ్చి అని తేలిగ్గా అనేస్తున్నాను గానీ, వాడిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఈ కివీల దేశంలో, జాన్సన్‌విల్‌లో మేం ఇల్లు కొనుక్కుని పాలు పొంగించుకున్న రోజే ఒక కేకు పట్టుకుని తగుదునమ్మా అని గుమ్మంలోకి వచ్చాడు. రావడం రావడమే, "ఈ ఇంట్లో మీకు ఏమైనా చప్పుళ్ళు వినిపిస్తున్నాయా?" అని అడిగాడు. కొత్తింట్లో కాలు పెట్టినవాళ్ళని అడిగే మాటేనా అది? మా ఆయన మాత్రం పకపకా నవ్వి, "వినిపిస్తున్నాయి, మా ఆవిడ నా మీద అరిచే చప్పుళ్ళు" అన్నాడు. ఆయన దేన్నైనా అలాగే నవ్వేసేవాడు. నాకు ఆ సుగుణం లేదు.

వాడు రిటైరైన మనిషి, ఒంటిగాడు. తనలాంటి పనిలేని వాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని వెంటేసుకుని మూతపడ్డ ఆస్పత్రులు, పాత థియేటర్లు, సమాధులు తిరిగేవాడు. చేతిలో ఒక డబ్బా ఉండేది. అది కుయ్యిమంటే అక్కడ దయ్యం ఉన్నట్టట! ఏ కొండ మీద ఏ ముసలమ్మ తిరుగుతుందో, ఏ టన్నెల్లో ఎవరు ఏడుస్తారో ఫెన్స్ మీద మోచేతులు ఆనించి మా అమ్మాయికి చెప్పేవాడు. అది అప్పుడు హైస్కూల్లో ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబంతా ఇంగ్లీషులోనే. వాడి కబుర్లంటే చెవి కోసుకునేది. లోపలికి రావే అని నేను కేకేస్తే, కథ అయ్యేదాకా వచ్చేది కాదు.

తరవాత మా ఆయన పోయాడు. పొద్దున్న టిఫిన్ తిని ఆఫీసుకి వెళ్ళిన మనిషి కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. అస్థికలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. పక్కింటివాడు పూలు పట్టుకుని వచ్చి, జాలిగా మొహం పెట్టి, "మీకు ఇంట్లో ఆయన ఉన్నట్టు ఏమైనా అనిపిస్తోందా?" అన్నాడు. పూలు తీసుకోకుండా తలుపు వేసేశాను.

రాజమండ్రిలో మా మరిది మాసికాలు పెడుతున్నాడు. మరి నేనేం చెయ్యాలి ఇక్కడ? నెలనెలా ఆ తిథికి తలంటుపోసుకుని, ఆయనకి ఇష్టమైనవి వండి, కాకికి ఒక ముద్ద పెట్టి, అది ముట్టాకే నేను తినాలని పెట్టుకున్నాను. మా అత్తగారు మామగారికి అలాగే చేసేది. కాకి ముట్టలేదంటే పోయినవాళ్ళు అలిగినట్టు, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అంతా బాగానే ఉంది గానీ ఈ ఊళ్ళో కాకులేవీ? వచ్చి అన్నేళ్ళయినా ఆ సంగతి పట్టించుకున్న పాపాన పోలేదు నేను. కాకి లేకపోతే బతికున్నవాళ్ళకి లోటేమిటి! గుళ్ళో పంతులుగారిని అడిగితే, "ఏ పక్షైనా సరేనమ్మా, ముట్టుకుంటే చాలు" అన్నారు.

మొదటి నెల ముద్దని స్టీలు పళ్ళెంలో పెట్టి, పెరట్లో ఫెన్స్ గుంజ మీద ఉంచాను. మనిషి అలికిడి ఉంటే పిట్ట దిగదని లోపలికొచ్చి కూర్చున్నాను. పిట్టలు ఎలా వస్తాయి? పక్కింటివాడి పిల్లి ఆ ఫెన్స్ మీదే కాపలా కూర్చుంది. తరిమితే పోయేది, మళ్ళీ వచ్చేది. సాయంత్రం దాకా మంచినీళ్ళైనా ముట్టకుండా కూర్చున్నాను. చివరికి ఆ దిక్కుమాలిన గాలికి పళ్ళెం కిందపడి, అన్నంలో పిల్లి మూతి పెట్టింది. అది చూసి లేవబోయి, వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయాను. నాకు షుగరు. తెలివొచ్చేసరికి పిల్ల నా తల ఒళ్ళో పెట్టుకుని, నా పెదాలకి పంచదార రాస్తూ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

మర్నాడు పిల్లిని లోపల పెట్టుకోమని చెప్పడానికి పక్కింటివాడితో అసలు సంగతి చెప్పాల్సొచ్చింది. చెప్పకపోయినా బాగుండేది. "అంటే మీ ఆయన వచ్చి తింటాడన్నమాట!" అన్నాడు. వాడి కళ్ళు మతాబుల్లా వెలిగిపోయాయి. నా కొంప కూలింది, వాడికి పండగొచ్చింది.

రెండో నెల పిల్లి బయట కనబడలేదు, మళ్ళీ పెట్టాను. లోపలికెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టుకుని వచ్చి చూద్దును కదా, పళ్ళెం ఖాళీ! మెతుకు మిగల్లేదు. అక్కడే కూలబడి బావురుమన్నాను. ఆ నెల చేసింది కాకరకాయ పులుసు. ఆయనకి అదంటే ప్రాణం. పిల్లకేమో ఆ వాసనే పడదు, ముక్కు మూసుకుని గదిలోకి పోయేది. ఫోన్ కార్డు గీకి మా మరిదికి చెప్పాను. "అన్నయ్య తృప్తిగా ఉన్నాడొదినా" అన్నాడు. ఆ నెలే కాదు, తరవాత ప్రతినెలా అంతే. పళ్ళెం కడిగినట్టు ఉండేది. ఏ పిట్ట వచ్చిందో నేను చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. ఆయన తిన్నాడు, అది చాలు. అప్పుడు వెళ్ళి నేనూ కంచం ముందు కూర్చునేదాన్ని. ఆ తిథి వచ్చిన రోజు పిల్ల స్కూలుకి వెళ్ళనని మొండికేసేది. బడి ఎగ్గొట్టడానికి నాన్న దొరికాడా నీకు అని తిట్టేదాన్ని. తిట్లు తిని ఇంట్లోనే ఉండేది.

ఇలా ఉండగా హాలోవీన్ వచ్చింది. ఇక్కడ అప్పటికి అదేం పెద్ద పండగ కాదు, చాలామంది కివీలే మనకెందుకీ గోల అని విసుక్కునేవాళ్ళు. పైగా భూగోళానికి కింది సగంలో ఉన్న మాకు అది వసంతకాలం. గుమ్మడికాయలు దొరికే రోజులు కావు, చీకటి పడేది ఏ ఎనిమిదింటికో. అయితేనేం, వాడికి ఎండలోనే దయ్యాలు దిగుతాయి. బట్టలారేసే తీగకి ప్లాస్టిక్ అస్థిపంజరం వేలాడదీశాడు. గరాజ్ నిండా దుప్పట్లు కట్టి, వీధిలో పిల్లలందర్నీ రమ్మని పిలిచాడు. ఆ నెల తిథి సరిగ్గా ఆ శనివారమే పడింది. ఏం చేస్తాను, పడితే మానేస్తానా? మధ్యాహ్నం మళ్ళీ కాకరకాయ పులుసు కలిపిన ముద్దే పెట్టి లోపలికి తిరగబోతున్నాను. ఫెన్స్ అవతల నుంచి నల్లటోపీ పెట్టుకున్న ఒక చిన్నపిల్ల, లాలీపాప్ చీకుతూ అడిగింది:

"చచ్చిపోయిన మీ ఆయన ఇప్పుడే వస్తాడా?"

నాకు తల తిరిగిపోయింది. ముందు గుమ్మం లోంచి బయటపడి విసవిసా వాడి గరాజ్‌లోకి వెళ్ళాను. లోపల పదిమంది పిల్లలు, వాళ్ళ తల్లులు, ఎదురుగా ఇంత పెద్ద టీవీ. ఆ టీవీలో మా ఫెన్స్ గుంజ, దాని మీద మా పళ్ళెం! నెలనెలా నేను పళ్ళెం పెట్టే రోజు లెక్కపెట్టుకున్నాడు కాబోలు, వాడి కిటికీలోంచి వీడియో కెమెరా మా పెరట్లోకి గురిపెట్టాడు. టీవీ పైన అట్టముక్క మీద ఎర్రరంగుతో 'దయ్యం భోజనం, మీ కళ్ళెదుటే' అని రాశాడు. దయ్యమట! మా ఆయన దయ్యమట!

"నీ జిమ్మడ! నీ ఇంట్లో పీనుగెళ్ళా!" అని తెలుగులో మొదలుపెట్టి, ఇంగ్లీషులోకి దిగాను. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. తల్లులు పిల్లల చెవులు మూశారు. వాడు ఎర్రబడిపోయి, "మీరు సంతోషిస్తారనుకున్నాను. మీరే కదా చెప్పారు, నెలనెలా ఆయనకి పెడతానని. ఒక్కసారి రుజువు దొరికితే..." అని నసిగాడు. ఆ ప్లగ్గు పీకి వాడి మొహాన కొడదామని చెయ్యి చాచాను.

చెయ్యి చాచాను గానీ పీకలేదు. నాకూ చూడాలనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ వెధవ పక్కన నిలబడి, ఆ ప్లాస్టిక్ పుర్రెల మధ్య, మా ఆయన వస్తాడేమోనని నేనూ టీవీకేసి చూశాను.

మా వంటింటి తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి బయటికొచ్చింది. నేను ఇంట్లో దీపం దగ్గర ఉన్నాననుకుంది కాబోలు, వెనక్కి ఒకసారి చూసి, పళ్ళెం దగ్గరికి పరుగెత్తింది. ముద్దలో సగం తీసి నోట్లో కుక్కుకుంది. కాకరకాయ ముక్క నోటికి తగిలి డోకొచ్చింది, ఒంగిపోయి నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. మింగింది. మళ్ళీ కుక్కుకుంది. పిల్లలు కిలకిలా నవ్వారు. "అది దయ్యం కాదు, అమ్మాయి!" అన్నాడొకడు. పక్కింటివాడు గబగబా టీవీ కట్టేయబోయాడు.

"ఉంచు" అన్నాను.

అది పళ్ళేన్ని వేలితో తుడిచి, ఆ వేలు నాకి, ఎక్కడిది అక్కడ సర్ది, కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. అప్పుడు నేనూ బయటికి నడిచాను. వాడు వెనకాలే సారీ, సారీ అంటూ రోడ్డు దాకా వచ్చాడు. వాడికి ఆరోజు నేను జవాబు చెప్పలేదు, ఆ ఇల్లు అమ్మేదాకా చెప్పలేదు.

వెళ్ళేసరికి పిల్ల సింక్ దగ్గర నోరు కడుక్కుంటోంది. జబ్బ పట్టుకుని ఇటు తిప్పాను.

"ఎన్నాళ్ళ నుంచే?"

నా మొహం చూసి, నేనంతా చూశానని దానికి అర్థమైంది. "నువ్వు పడిపోయావు కదా. తరవాత నెల నుంచి."

"అన్ని నెలలూ?"

తలూపింది.

అంటే ఆయన ఒక్క ముద్ద తినలేదు. ఇన్ని నెలలుగా ఒక్క పిట్ట దిగలేదు, నేను మాత్రం కడుపునిండా తిని మా మరిదికి ఫోన్ చేశాను! "నాన్నకి పెట్టింది ఎంగిలి చేస్తావుటే? నీకేం పోయేకాలమే!" అని అరిచి దాన్ని గుంజేశాను. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది.

అప్పుడు అది తెలుగులో మాట్లాడింది. వంకరటింకర తెలుగు, ఒక్కో మాటా వెతుక్కుంటూ.

"పిట్టలు రావమ్మా. అవి వస్తే నేను ఎందుకు తింటాను? నువ్వు తినవు. నువ్వు కూడా చచ్చిపోతే నేను ఎవరి దగ్గర ఉండాలి?"

దాని నోటి నుంచి కాకరకాయ వాసన వస్తోంది. జబ్బ వదిలేశాను.

పక్షీ ముట్టలేదు, ఏదీ ముట్టలేదు. కంచం తీసుకుని, అన్నం పెట్టుకుని, పులుసు పోసుకుని, బల్ల ముందు కూర్చున్నాను. అది ఎదురుగా కూర్చుంది. ముద్ద ముద్దకీ నా గొంతుకేసే చూస్తోంది, ఎక్కడ మింగకుండా ఉమ్మేస్తానో అని. సగం తిని చెయ్యి ఆపాను.

"చాలా?" అన్నాను కసిగా.

"ఇంకో ముద్ద" అంది.