దొరసాని గారి కెటిల్ టోపీ

ఆ రోజుల్లో టీ అంటే మాకు ఒకటే. పాలు, పొడి, పంచదార, దంచిన అల్లం అన్నీ ఒకే గిన్నెలో పడి పొంగాలి. వాటిని విడదీసి బల్ల మీద వరసగా పేర్చుకుని, అదేదో గొప్ప మర్యాదని చెప్పుకునే మనుషులుంటారని నాకు తెలియదు. తెలిశాక కూడా గౌరవమేమీ కలగలేదు.

కొల్లేరులో చేపల చెరువుల దగ్గర కాపలా ఉండే మా ఆయన పోయి అప్పటికి ఏడాది. చంకలో రెండేళ్ల పిల్ల. (ఆ పిల్లే ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తోంది. నాకు చదువు సంతకం దాకానే. నవ్వకుండా రాయవే.) తాడేపల్లిగూడెం దగ్గర చర్చి హాస్టల్లో వంటమనిషి పని ఖాళీ అయింది. ఆ డిసెంబరులోనే ఇంగ్లండు నుంచి ఒక దొరసాని గారు హాస్టలు చూడటానికి వచ్చారు. పాస్టరమ్మ గారు నన్ను పిలిచి మెల్లగానే చెప్పారు. "ఆవిడ టీ సరిగ్గా చూసుకున్నావంటే పని నీదేనమ్మా. లేదంటే పెంటపాడు నుంచి ఇంకొకావిడ వస్తానంటోంది."

ఆ టీ సరిగ్గా నాలుగింటికి పడాలి. ముందు ఖాళీ కెటిల్‌లో వేడినీళ్లు తిప్పి పారబొయ్యాలి (దానికీ స్నానమే). దారం కట్టిన పొడి సంచులు అందులో వేసి, కాగిన నీళ్లు పోసి, మళ్లీ మరిగించకుండా, కదపకుండా ఊరికే కూర్చోవాలి. పాలు వేరే గిన్నెలో, చల్లగా. గేదె పాలు మరీ చిక్కగా ఉన్నాయని వాటిలో నీళ్లు కలిపించారు. ఆ పని చేస్తే మేము పాలవాడితో తగువు పెట్టుకుంటాం. ఇంతా చేస్తే వచ్చేది గోరువెచ్చటి కుడితి. ఆవిడ కళ్లు మూసుకుని తాగి "లవ్లీ" అనేవారు. వాళ్ల దేశంలో పెళ్లికీ అదే, చావుకీ అదే, యుద్ధంలో కూడా అదేనని పాస్టరు గారు చెబుతుంటే, ఇది తాగేవాళ్లా మనల్ని అన్నేళ్లు ఏలింది అనుకున్నాను.

మూడో రోజు మంచుకి పిల్లకి దగ్గు పట్టుకుంది. వంటింటి బల్ల మీద ఎర్ర ఊలు టోపీ కనిపించింది. పైన కుచ్చు, రెండు పక్కలా చెవులకు చీలికలు. విదేశాల నుంచి చర్చికి వచ్చే మూటల్లో ఎప్పుడూ ఊలు బట్టలే, మా ఎండలకి ఎవరూ తొడిగేవారు కాదు. ఇన్నాళ్లకి ఒకటి పనికొచ్చిందని పిల్ల నెత్తిన పెట్టి, నాలుగింటికి ట్రే పట్టుకెళ్లాను. పిల్ల నా వెనకాలే వచ్చింది. పాస్టరమ్మ గారి మొహం పాలిపోయింది.

"అది పిల్లది కాదమ్మా, కెటిల్‌ది. టీ చల్లారకుండా తొడుగుతారు."

"కెటిల్‌కి చెవులెక్కడివండీ?" అన్నాను. ఒక చీలిక పిడికట, ఇంకోటి ముక్కుకట.

పాస్టరమ్మ గారు టోపీ లాగబోయారు. నా కళ్ల ముందు పెంటపాడు ఆవిడే. ఇంతలో పిల్ల దగ్గింది. దొరసాని గారు కప్పు దించి, పాస్టరమ్మ గారి చెయ్యి ఆపి ఏదో అన్నారు. పాస్టరు గారు తెలుగులో చెప్పారు. "కెటిల్‌కి దగ్గు రాదు, ఉంచమంటున్నారు."

ఆ రోజు ఆవిడ చల్లారిన టీయే తాగారు. లవ్లీ మాత్రం అనలేదు. పని నాకే ఇచ్చారు.

ఇన్నేళ్లూ అక్కడే వండాను. ఆ టీ మీద నా మాట మారలేదు, అది కుడితే. కాని నాలుగయ్యేసరికి నా అల్లం టీ చేతిలో లేకపోతే ఇంటిల్లిపాదినీ తిడతాను. డిసెంబరు వస్తే ఆ ఎర్ర టోపీ నేనే పెట్టుకుంటాను. చెవులు రెండూ చీలికల్లోంచి బయటికే ఉంటాయి, చలి చలిగానే ఉంటుంది. అయినా తియ్యను. (నవ్వకుండా రాయమన్నానా.)