సమాధుల దొడ్డి చుట్టూ అడ్డసరం

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు చీరాల స్టేషన్ బయట, కరపత్రాల కట్టతో నిలబడి ఉండగా అందింది. బాబాయి సైకిలు దిగకుండానే, "మిరపకాయలు కోసి వచ్చి అరుగు మీద కూర్చుంది, ఇక లేవలేదురా. గొయ్యి తియ్యాలి, ఎక్కు" అన్నాడు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. మా ఇద్దరి తగువు ఇంకా తేలనే లేదు.

తగువు అడ్డసరం గురించి. తెలియనివారికి చెబుతున్నాను: మనిషెత్తు పొద, తెల్లటి పూలు, ఆకు పరమ చేదు. కాలవ గట్ల మీద, డొంకల వెంట దానంతట అదే పెరుగుతుంది. మా చర్చివాళ్ల సమాధుల దొడ్డికి మాత్రం పాతవాళ్లు కొమ్మలు గుచ్చి కంచెగా పెంచారు. మిరప కల్లాల్లో ఘాటుకు దగ్గు పట్టినవాళ్లందరికీ పెద్దమ్మ ఆ ఆకే కాచి పోసేది. మొహం చిట్లిస్తే, "తియ్యగా ఉంటే నీదాకా వచ్చేదా? మేకలే మేసేవి" అనేది.

రెండేళ్ల కిందట పరిశుభ్రత మీద ఏదో కరపత్రం చదివి, మా కుర్రాళ్లను పోగేసి, శ్రమదానమంటూ ఆ పొదలన్నీ వేళ్లతో సహా పీకించాను. పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది.

"మేకలే వదిలేసిన చెట్టురా అది! మీరు మేశారా?"

"గోడ కట్టిద్దాం పెద్దమ్మా. అర్జీ పెట్టాను."

"నీ అర్జీ మొలిచేదాకా హద్దు ఆగుద్దా?"

ఆగలేదు. పక్క పత్తిచేను రైతు ఆ ఏడు రెండు చాళ్లు లోపలికి దున్నాడు, మరుసటి ఏడు ఇంకో మూడు. మా తాత సమాధి మీద పత్తి మొలిచింది. నేను మీదికి వెళితే ఆయన నవ్వి, "హద్దేదిరా, చూపించు" అన్నాడు. పీకింది నేనే, ఏం చూపించను?

పెద్దమ్మ వాన పడినప్పుడల్లా కాలవ గట్టు నుంచి కొమ్మలు తెచ్చి పాత హద్దు మీద గుచ్చేది. అవి అరక కింద పడి పోయేవి. మళ్లీ గుచ్చేది. "అందరం కలిసి పోరాడాలి గానీ పుల్లలు గుచ్చితే ఏమొస్తుంది?" అని విసుక్కునేవాణ్ణి. "పోరాడు నాయనా. ఈలోగా ఆ కడవ ఇటివ్వు" అనేది. అలాంటి మనిషితో ఎలా వాదిస్తాం?

పోవడానికి నెల ముందు ఒకరోజు, "నన్ను లోపల పెట్టొద్దురా. పాత హద్దు మీద పెట్టండి. పుల్లల మీద అరక తోలినట్టు మనిషి మీద తోలడులే" అంది. నోరుముయ్యమని కసిరాను.

అక్కడే తవ్వాను, పత్తిమొక్కలు పీకి మరీ. రైతు వచ్చి చూశాడు. గొడవకు సిద్ధంగానే ఉన్నాను. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, పాట అయ్యేదాకా నిలబడి వెళ్లిపోయాడు. నా కోపం నా దగ్గరే ఉండిపోయింది.

బతికినన్నాళ్లూ ఒకరి చేలో వంగి పనిచేసిన మనిషిని, చచ్చాక కూడా చేలో కాపలా పెట్టాం. అలా పెట్టాల్సి వచ్చేలా చేసింది నేను.

వేసవి దుక్కినాడు వెళ్లి చూశాను. ఆ మట్టికుప్ప దగ్గరికి రాగానే ఆయన ఎడ్లను ఆపి, పక్కకు తిప్పుకున్నాడు. అక్కణ్ణుంచి ఆ చాలు, దొడ్డి చివరిదాకా, పాత హద్దుకు అవతల, తన చేను వైపునే సాగిపోయింది.