చేతిరుమాల్లో తాళాలు

ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయినా ఆ జైలు హెడ్ వార్డరు ఇంటి తాళాల గుత్తిని చేతిరుమాల్లో చుట్టే జేబులో వేసుకుంటాడు. "అవేమన్నా పసిపిల్లలా, గాలి తగిలితే జలుబు చేయడానికి?" అని భార్య దెప్పితే మీసం సవరించుకుని నవ్వేస్తాడు. ఒకప్పుడు ఆయన నడుమున గుత్తి గలగలమంటే బ్యారక్ బ్యారకంతా సర్దుకుని కూర్చునేది. ఆ చప్పుడంటే ఆయనకెంత మురిపెమో! సబ్బునీళ్ల వాసన వేసే ఆ పొడుగాటి వరండా, అద్దంలా మెరిసే బూట్లు, అన్నీ నిన్నమొన్నటివే అనిపిస్తాయి.

ఉద్యోగంలో ఉండగా ఒక ఉదయం కుళాయిల దగ్గర ఒక కొత్త ఖైదీ వరసగా మూడోరోజూ దుప్పటి ఉతకబోతూ కనిపించాడు. హెడ్ వార్డరు పక్కనే చతికిలబడి, "ఏమైందయ్యా?" అన్నాడు. అతను కుళాయి వైపే చూస్తూ చెప్పాడు. "పక్క పరుపువాడు బలవంతం చేస్తున్నాడు సార్. మీ తాళాల చప్పుడు వినగానే వదిలేస్తాడు. మీరు దాటిపోగానే మళ్లీ మొదలు." హెడ్ వార్డరు దుప్పటి తడవకుండా సాక్ష్యంగా పక్కన పెట్టించి, అతన్ని తానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. భద్రత కోసం ఫిర్యాదు చేసినవాణ్ణే ఒంటరి గదిలో పెడదామన్నాడు జైలరు. "తప్పు చేసినవాణ్ణి కదపండి సార్, ఇతన్నెందుకు?" అని హెడ్ వార్డరు జన్మలో మొదటిసారి పైఅధికారికి ఎదురు చెప్పాడు. కదిపారు, కేసూ పెట్టారు. ఆ మధ్యాహ్నమే గుత్తి రుమాల్లోకి చేరింది.

ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం ముడి విప్పి, చెవి దగ్గర ఒక్కసారి గలగలలాడిస్తాడు. ఆ చప్పుడు ఇంకా ఇంపుగానే ఉంటుంది. అందుకే గబగబా చుట్టేస్తాడు.