కోళ్ల మందు, నా వేలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు (ఇప్పుడు బోలెడున్నాయి). డిగ్రీ మధ్యలో వదిలేసి పుంగనూరు దగ్గర మా మామ బ్రాయిలర్ షెడ్లు చూసుకునేవాణ్ణి. ఒక్క కోడి తుమ్మితే చాలు, షెడ్డు మొత్తానికీ నీళ్లలో యాంటీబయాటిక్ పొడి కలిపేసేవాణ్ణి. తుమ్మకపోయినా కలిపేవాణ్ణి, రేపు తుమ్ముతుందేమోనని. చుట్టుపక్కల రైతులు "డాక్టరప్పా" అని పిలిస్తే, నిజం చెప్పి వాళ్ల మనసు కష్టపెట్టడం ఎందుకని గంభీరంగా తల ఊపేవాణ్ణి.

ఒకనాడు కుప్పానికి పంపే కోళ్లను పట్టుకుంటుంటే జాలీ తీగ గీరుకుని కుడి చూపుడు వేలు తెగింది. ఆ చేత్తోనే షెడ్డు నేల మీద పరిచిన, రెట్టతో తడిసిన పొట్టు ఎత్తాను. మర్నాటికి వేలు వాచింది. ఆసుపత్రికి పొమ్మంది అత్త. డాక్టరప్ప ఆసుపత్రికి పోవడమేమిటి? కోడి బరువెంత, నా బరువెంత అని లెక్కగట్టి, నేను ముప్పై కోళ్లకు సమానమని తేల్చుకుని, ఆ మోతాదు పొడి మజ్జిగలో కలుపుకుని తాగేశాను.

"ఏం పనప్పా ఇది? కోళ్ల మందు తాగుతాండావు!" అన్నాడు మామ.

"కోడికి పనిచేసేది మనిషికి పనిచెయ్యదా మామా? సూస్తా ఉండు."

చూస్తూ ఉండగానే వేలు వంకాయంత అయింది, చలిజ్వరం వచ్చింది. మామ నన్ను బండి మీద మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ చీము తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక, నా చీములోని క్రిములను పెంచి వాటి మధ్య రకరకాల మందు బిళ్లలు పెట్టిన గాజు పళ్లెం ల్యాబు నుంచి తెప్పించి చూపించింది.

"మందు పనిచేస్తే ఈ బిళ్లల సుట్టూ క్రిములు సచ్చి ఖాళీగా ఉండల్ల. ఈడ సూడు, బిళ్లల దాకా పాకిండాయి. నువ్వేం పని సేస్తావప్పా?"

"కోళ్ల డాక్ట... షెడ్డు సూసుకుంటానమ్మా."

నీళ్లలో ఏమేం కలుపుతావని అడిగింది. నేను ఒక్కో మందు పేరు చెబుతుంటే ఆమె పళ్లెంలో ఒక్కో బిళ్ల మీద వేలు పెడుతూ వచ్చింది.

"దినామూ కొంచెం కొంచెం పెట్టి, మెత్తని క్రిముల్ని సంపి మొండివాటిని మిగిల్చినావు. అవి నీ ఏలి కాడే ఆగవు. రేపు ఊర్లో పసిబిడ్డకు జ్వరమొస్తే మందు యాడనుంచి తెచ్చేది? ఇంకొక్క మందు ఉండాది. దానికీ లొంగకుంటే ఏలు తీసేయల్ల."

నేను ఏడ్చాను. పక్క మంచం రోగి లేచి కూర్చునేంత గట్టిగా ఏడ్చాను. మామ వీపు నిమిరి, "ఊరుకోప్పా, ఇంకా తొమ్మిది ఉండాయి కదా," అన్నాడు.

ఆ చివరి మందు పనిచేసింది. వేలు మిగిలింది గానీ వంగడం మానేసింది. ఇప్పుడు షెడ్లు తిరిగి, జబ్బు లేకుండా మందు పెట్టొద్దని, పొట్టు తడవనీయొద్దని రైతులకు చెబుతుంటాను. ఆ మధ్య కుప్పం దగ్గర ఒకాయనకు కోపమొచ్చింది.

"యాలప్పా, వచ్చినప్పటినుంచీ నాకే ఏలు సూపిస్తాండావు? నేనేం తప్పు సేసినా?"

అది వంగదని చెప్పి, కథంతా వినిపించాను. ఆయన పడీపడీ నవ్వి కాఫీ తెప్పించాడు. గ్లాసు అందుకున్నాను. వేలు మళ్లీ ఆయన వైపే నిలబడింది. పాపం, ఆయనకెందుకులే అనిపించి, మణికట్టు తిప్పి దాన్ని నా వైపుకు పెట్టుకుని కాఫీ తాగాను.