పద్మలత రాయని పేజీ

కాజీపేట పద్మలత నాలుగేళ్లుగా గ్రంథాలయాలు ఉచితంగా వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్‌కు ఆన్‌లైన్‌లో వాడకం పుస్తకం రాస్తోంది. జీతం లేదు, పేరుంది. కొత్తవాళ్లు ఏది పంపినా పరీక్షించి చేర్చేది ఆమే. ఎవరైనా రాయవచ్చు, అందరూ సమానమే అని నిబంధనల్లో మొదటి వాక్యం కూడా ఆమెదే. తనకంటే బాగా రాసేవాళ్లు రానంతకాలం అలాంటి వాక్యాలతో ఇబ్బంది ఉండదు.

హన్మకొండ నుంచి ఐమన్ అనే డిగ్రీ విద్యార్థిని, పద్మలత రాసిన ఇన్‌స్టాలేషన్ పేజీని మొత్తం తిరగరాసి పంపింది. తిరగరాసినవాళ్ల పేరే పేజీ కింద ఉంటుంది. పద్మలతకు ఒళ్లు మండింది. తప్పుల కోసం మూడుసార్లు చదివింది, ఒక్కటీ దొరకలేదు. ఇక మిగిలింది చివరి నిబంధన: కంప్యూటర్ అంతగా తెలియని మనిషి, ఎవరినీ అడగకుండా, పేజీ చూసి పని ముగించాలి.

ఆ మనిషి ఎప్పుడూ ఆమె భర్త, రైల్వే ఉద్యోగి రాంప్రసాదే. ఆమె పేజీలతో ప్రతిసారీ మధ్యలో చిక్కుకుపోయేవాడు. ఈసారీ చిక్కుకుంటే తిప్పి పంపవచ్చని పక్కనే కూర్చుంది.

"జర ఆగుండ్రి, ఆడ సమజైందా?" అంది ఆశగా.

"నువ్వు మాట్లాడద్దు గద, రూలు నీదేనాయె!"

పది నిమిషాల్లో ముగించాడు. "అయిపాయె! ఇన్నేండ్లకు మనిషికి సమజయ్యేటట్టు రాసినవ్ పద్మా."

నిజం చెప్పడానికి నోరు తెరిచింది. "చాయ్ తాగుతరా?" అని మాత్రమే వచ్చింది.

ఆమోదం బటన్ నొక్కింది. పేజీ కింద ఐమన్ పేరు పడింది. రాంప్రసాద్ చూపు అక్కడిదాకా రాకముందే ల్యాప్‌టాప్ మూసేసింది.