హవల్దార్ పెంటప్ప పడవ పందెం

ఆ సాలు సోలాపూర్ల వాన కురిపించింది మా పెంటప్పే అని ఒక పుకారున్నది. ఎవలు చూసిన్రంటే ఎవ్వలు చూడలే. ఎవలు చెప్పిన్రంటే పెంటప్పే చెప్పిండు. మిల్ట్రీల సుట్టి దొరికి పుణె నుంచి ఇంటికొస్తుంటే, బీజాపూర్ దిక్కు పోయే మబ్బును రైలు కిటికీలకెల్లి చూసి, ఇటు రమ్మని చెయ్యి చేసిండంట. వాన వచ్చింది నిజం. మూడు నాలుగు దినాలకొకసారి నల్లా వచ్చే మా ఊరికాడ హిప్పర్గా తలావ్ నిండి అలుగు దుంకింది నిజం. చెయ్యి చేసిన ముచ్చట దేవునికెరుక.

గిదీ ఆయన గుణం. లోకంల ఏడ మంచి జరిగినా అది పెంటప్పే చేసిండు. కార్ఖానాకు బట్ట నేసే కొత్త సాంచాలొస్తే సేటు చెవుల ఏసింది నేనే అంటడు. అశోక్ చౌక్ల ఆరిపోయిన లైటు మళ్ల వెలిగితే, మొన్న ఆ కంబానికి ఆనుకొని నిలబడ్డ, అందుకే అంటడు. మా మరదలికి కొడుకు పుడితే గూడ అలవాటు కొద్ది నోరు తెరిచిండు. ఆయన పెండ్లాం సుందరాబాయి అక్క ఒక్క చూపు చూసేసరికి మూసుకున్నడు.

వరసకు నాకు బావ. అందుకని ఎగతాళి చేసే హక్కు నాకు పుట్టుకతోనే ఉన్నది. "బావా, పొద్దుగాల సూర్యుడు ఎక్కిండు, అది గూడ నువ్వేనా" అని అడిగితే, మీసం మీద చెయ్యేసి, "ఇయ్యాల జర లేటయింది, నిద్ర పట్టింది" అంటుండె. గసుంటోని మీద కోపం ఎట్లొస్తది చెప్పండ్రి.

మిల్ట్రీల హవల్దార్ ఆయన, వాగుల మీద వంతెనలేసే పల్టన్ల. తొంభయ్యో తొంభై ఒకటో ఉంటది, వాళ్ల సాహెబ్‌కు ఒక పిచ్చి పట్టింది. చైనాల ఆడుతరంట, డ్రాగన్ పడవ అని. మన వీధి అంత పొడుగుంటది. ముందట కొమ్ములు, కోరలున్న తలకాయ, ఎనుక తోక. ఇరవై మంది జతలు జతలు కూసోని తెడ్లేస్తరు. ముందట తలకాయ కాడ ఒకడు వాళ్ల దిక్కు మొఖం పెట్టి డోలు కొడ్తడు, ఆ దెబ్బకే తెడ్లన్ని ఒక్కసారి లేవాలె. తోక కాడ ఒకడు పెద్ద తెడ్డు పట్టుకొని నిలబడి పడవను తిప్పుతడు. తిప్పేటోడు మా పెంటప్ప. డోలు కొట్టేటోడు, బీడీలు చుట్టేటోళ్ల బస్తీ మా విడీ ఘర్కుల్ల ఉండే చంద్రభాగ కొడుకు దశరథ్. కొత్తగ భర్తీ అయిన పోరడు. మొఖం మీద మీసం గూడ ఇంకా అర్జీ పెట్టుకోలే.

దశరథ్‌ను ఆ పడవల కూసోబెట్టించింది గూడ పెంటప్పే. ఇది మటుకు నిజమే. సోలాపూర్ పోరలు నీళ్లల్లనే పుడ్తరు సాహెబ్, అందరికి ఈత నేర్పింది నేనే అని చెప్పిండంట. సుందరక్క ఆ మాట విని, "ఏడ నేర్పినవ్, బిందెలనా" అన్నది.

మొట్టమొదటి పందెం ఆ సాలు నిండిన మా ఊరి తలావ్లనే పెట్టిన్రు, దసరా ముందట. ఇంకో పల్టన్ పడవొకటి, చేపలు పట్టే భోయిలదొకటి, కాలేజీ పోరలదొకటి. గెలిస్తే పెంటప్ప భుజం మీద స్టార్ పెడ్తనని సాహెబ్ మాటిచ్చిండు. హవల్దార్ పోయి నాయబ్ సుబేదార్ అయితడు. ఓడితే ఉన్న కాడనే పింఛన్, ఎందుకంటే అదే ఆయనకు ఆఖరి సాలు. స్టార్ రాకముందే గల్లీల సగం మందిని సలాం కొట్టమన్నడు. సుందరక్క నన్ను ఇంట్లకు పిలిచి, తలుపు దగ్గరికేసి, "సరోజా, సుబేదారు పెండ్లామంటే నల్లాకాడ లైన్ల నిలబడొచ్చునా" అని మెల్లగ అడిగింది. ఎగతాళి చేద్దామనుకున్న గని ఆమె మొఖం చూసి, నీ బిందె నేను నింపుకొస్త తియ్యక్కా అన్న.

పందెం దినం కార్ఖానాలన్ని బంద్. సాంచాలాగితే మా వీధుల చెవులు గుయ్యిమంటయ్, అంత సప్పుడు అలవాటు మాకు. ఆ సప్పుడంతా టెంపోలల్ల ఎక్కిచ్చుకొని తలావ్‌కు పోయినం. గలగల లెజీములాడేటోళ్లు, హల్గీ డప్పులు, బస్తెడు గులాల్, పటాకలు, జొన్నరొట్టెలు, పల్లికాయ చట్నీ. సుందరక్క సీదా పడవ కాడికి పోయి, కొత్త సాంచకు చేసినట్లే ఆ డ్రాగన్ నొసటికి కుంకుమ పెట్టి, మెడకు నిమ్మకాయ మిరపకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టింది. సాహెబ్ ఏదో అనబోయిండు. చంద్రభాగ ఆయన చేతుల కొబ్బరి ముక్క పెట్టింది. తినుకుంట పోయిండు.

మా అందరిల ఒక్కరన్న పడవ పందెం చూసినోళ్లు లేరు. తుమ్మచెట్ల నీడ ఏడ మంచిగుంటే ఆడ నిలబడ్డం. ఆఖరి జెండా అటు కట్ట కాడ, శానా దూరం పాతిన్రు, అది మాకెవలు చెప్పలే. మేం నిలబడ్డ కాడనే పందెం అయిపోతదనుకున్నం. ఇంతమందిమి ఉన్నం కద.

పిస్తోలు పేలింది. అబ్బో, ఏం చెప్పాలె. నీళ్లు రెండు తునకలైనయ్. భోయిలు ముందటికి దుంకిన్రు, కాలేజోళ్లు సక్కగ పోబోయి గుండ్రంగ తిరిగిన్రు. మావోళ్లు ఎనుకబడ్డరు. దశరథ్ డోలు అందుకున్నడు చూడండ్రి, ధన్ ధన్ ధన్ ధన్, తెడ్లన్ని ఒకటే తీర్గ లేస్తున్నయ్, ఒకటే తీర్గ మునుగుతున్నయ్, ఒక సాంచ మీద ఇరవై చేతులు పని చేసినట్లు. ఇంకో పల్టన్‌ను దాటిన్రు. భోయిలను దాటిన్రు. చంద్రభాగ నా చెయ్యి పట్టుకుంటే గాజులు పలిగినయ్. సుందరక్క రెండు చేతులెత్తి దండం పెడుతున్నది, దేవునికా మొగనికా తెల్వదు. పడవ పొడుగంత ముందటున్నరు మావోళ్లు. స్టార్ వచ్చి భుజం మీద సగం కూసున్నట్లే.

అప్పుడు డోలు ఆగింది. పడవ గిర్రున తిరిగింది. జెండా దిక్కు కాదు, మా దిక్కు.

మాకేమెరుక? మొదలు మా కాడికి వచ్చింది మా పడవే. గెలిచిన్రు, గెలిచిన్రు అని లెజీమోళ్లు ఎగురుతున్నరు, పటాకలు అంటిచ్చిన్రు. పడవ బురదల దస్సున గుద్దుకునేసరికి బస్తెడు గులాల్ దాని మీద కుమ్మరిచ్చినం. ఎవని మొఖం ఎవనిదో తెల్వనంత ఎర్రగయిన్రు. ఆ ధూళిలకెల్లి పెంటప్ప దశరథ్‌ను భుజం మీదికెత్తుకొని దిగిండు. దశరథ్ రెండు చేతులల్ల డ్రాగన్ తలకాయ ఉన్నది, నిమ్మకాయలతో సహా ఊడొచ్చింది. మేం అదే బక్షీస్ అనుకున్నం. గెలిచినోనికి తలకాయ ఇస్తరు కాబోలు అని నేను నలుగురికి సమజ్ గూడ చేసిన.

అటు కట్ట మీద భోయిలకు కప్పు ఇస్తున్నరు.

సాహెబ్ బురదల ఉరికొచ్చిండు. ఆయన మొఖానికి గులాల్ అక్కర లేకుండె. గెలిచే పడవను ఇటెందుకు తిప్పినవని హిందీల మొత్తుకున్నడు. పెంటప్ప సలాం కొట్టి, మా అందరు వినేటట్లు జవాబిచ్చిండు.

"సాహెబ్, మావోళ్లు ఇంత దూరం వచ్చిన్రు. నేను పడవ ఎట్ల తిప్పుతనో దగ్గరికెల్లి చూపిద్దామనుకున్న."

ఒక్కలకన్న అనుమానం రావాలె కద. రాలే. పెంటప్ప కాక ఇంకెవలు చేస్తరు ఇట్లాంటి పని. మేమే తిట్టినం. డాబుకు పోయి స్టార్ పోగొట్టుకున్నడని హోటల్ల, నల్లాకాడ, కార్ఖానల ఒకటే నవ్వుడు. దీపావళికి సుట్టి మీద వస్తే సుందరక్క ఆయనతోని మాట్లాడలే, అప్పటికెల్లి కూర గిన్నె గూడ నేల మీద పెట్టి కాలుతోని జరిపేది. ఆయన హవల్దార్ లెక్కనే పింఛన్ పట్టుకొని ఇంటికొచ్చిండు. మొన్న చలి తగ్గిచ్చింది నేనే అనుకుంట తిరిగిండు.

మరుసటి ఎండకాలం దశరథ్ సుట్టికొచ్చి పోయినంక, చంద్రభాగ, నేను బీడీలు చుట్టుకుంట కూసున్నం. ఆమెకు కడుపుల ముచ్చట ఆగదు, నాకు నోట్ల ఆగదు. ఎవ్వలకు చెప్పనని పొగాకు మీద ఒట్టేయిచ్చుకొని చెప్పింది. దశరథ్‌కు ఈత రాదు. భర్తీల వచ్చునని అబద్ధం చెప్పిండు. పుణెల తెడ్లేసుడు నేర్చిన కాడ నది జర తక్కువ లోతుండె, అడుగు కనబడుతుండె, ఎట్లనో నెట్టుకొచ్చిండు. మన తలావ్ నడుమ భోయిల అల కొట్టేసరికి డోలు కట్టె చేతులకెల్లి జారి నీళ్లల్ల పడ్డది. అది ఏడికి పోయిందని ఒంగి చూసిండు. కింద నల్లగ, అడుగు లేదు. కాళ్లు చేతులు కట్టెలైనయ్. ఎనుకకు తిరిగి డ్రాగన్ మెడకు సుట్టుకున్నడు. సాహెబ్‌కు తెలిస్తే తెల్లారి పెట్టె సదురుకొని ఇంటికి పొమ్మనేటోళ్లే. అందరి కంటే ఎనుక, తోక కాడ నిలబడ్డ పెంటప్ప అది చూసిండు.

"ఏం తిట్టలేదంట," అన్నది చంద్రభాగ. "తలకాయ గట్టిగ పట్టుకో కొడుకా, ఇడువకు, అమ్మ కాడికే పోతున్నం, అన్నడంట."

ఒడ్డుకు వచ్చినంక గూడ పోరని చేతులు మెడను ఇడవలే. అందుకే తలకాయతోని సహా ఎత్తుకొచ్చిండు. పింఛన్ వచ్చేదాంక ప్రతి ఆదివారం కంటోన్మెంట్ అవతల ఒక బాయికి తీస్కపోయి, పొట్టకింద చెయ్యి పెట్టి ఈత నేర్పిండంట. పడవల ఉన్న ఇరవై మంది ఇయ్యాల్టి దాంక నోరు తెరవలే. మిల్ట్రీ అంటే గది. మా విడీ ఘర్కుల్ల ఇద్దరం ఉంటిమి, సాయంత్రం వరకు గూడ ఆపలేకపోతిమి.

నేను ఒక్క సుందరక్కకే చెప్పిన. మిగిలినోళ్లు అడుగుతే చెప్పిన. ఆ దినం సుందరక్క కూర గిన్నె ఆయన చేతికిచ్చిందంట, అంతే.

తెల్లారి నల్లా వచ్చింది. లైన్ల అందరు ఉన్నరు. పెంటప్ప బనియన్ మీద బిందె పట్టుకొని వచ్చిండు. అందరి ముందట అడిగిన.

"బావా, దశరథ్ కోసమే పడవ తిప్పినవంట కద."

వాన కురిపిచ్చినోడు, లైటు వెలిగిచ్చినోడు, చలి తగ్గిచ్చినోడు అటు ఇటు చూసిండు. చెవులు ఎర్రగయినయ్.

"ఎవలు చెప్పిన్రే సరోజా నీకు? దశరథ్ ఎవడో నాకు సక్కగ తెల్వదు గూడ. నేనేడ పడవ తిప్పిన, ఏ పడవ? నేను జన్మల పడవెక్కలే. ఇన్నొద్దులు మీకు చెప్పనీకి సిగ్గుపడ్డ గని, మిల్ట్రీల నేను వంటోన్ని. ఆలుగడ్డలు చెక్కుతీసిన."